ఫ్రిజ్ పై అరలో పొదుపు

మన సభ్యులు పాల లెక్కలో ఎంతో జాగ్రత్త గలవారు. వెన్న శాతం కొద్దిగా తగ్గినా సంఘం కార్యదర్శిని నిలబెట్టి అడుగుతారు. అడగవలసిందే. కాని ఇంట్లో రాత్రి మిగిలిన పప్పు, వాడిపోయిన కూరగాయలు, చేదెక్కి పారబోసిన మీగడ, వీటి లెక్క మాత్రం ఎవరూ రాయరు. వారానికి 50 రూపాయల తిండి పారబోస్తున్నామనుకుందాం. ఏడాదికి 2,600 రూపాయలు అవుతుంది. అది దాణాకు పనికివచ్చే డబ్బు.

జహీరాబాద్ చుట్టుపక్కల సంఘాల తనిఖీకి వెళ్ళినప్పుడు మేము ఈ మాట చాలాచోట్ల అన్నాము. ఒక సభ్యురాలు నవ్వి, "ఫ్రిజ్ కొన్నం సారూ, పై అరల ఐసుగడ్డలు తప్ప ఏం పెడ్తలేం" అన్నది. ఈ వ్యాసం ఆ పై అర గురించే. కొత్తగా ఏ యంత్రమూ కొనమని మేము చెప్పడం లేదు. ఉన్నదాన్ని పూర్తిగా వాడుకోమని చెబుతున్నాము.

చల్లదనం ఏమి చేస్తుంది?

ఆహారాన్ని చెడగొట్టే సూక్ష్మజీవులు వెచ్చదనంలో త్వరగా పెరుగుతాయి. అందుకే సంఘం పాలను శీతలీకరణ కేంద్రంలో 4 డిగ్రీలకు చల్లబరుస్తారు. ఆ చల్లదనంలో వాటి పెరుగుదల మందగిస్తుంది. మైనస్ 18 డిగ్రీల దగ్గర పూర్తిగా ఆగిపోతుంది. అయితే ఒక సంగతి గుర్తుంచుకోవాలి. గడ్డకట్టించడం వల్ల సూక్ష్మజీవులన్నీ చావవు, నిద్రపోతాయి. కరగగానే మళ్ళీ లేస్తాయి. కాబట్టి మంచి పదార్థం పెడితే మంచిదే బయటికి వస్తుంది. చెడడం మొదలైనది పెడితే బాగుపడి రాదు.

రెండో సంగతి, గడ్డకట్టే వేగం. నెమ్మదిగా గడ్డకడితే లోపల పెద్ద మంచు పలుకులు ఏర్పడి పదార్థాన్ని చీలుస్తాయి. కరిగించినప్పుడు మెత్తబడి నీరు కారుతుంది. త్వరగా గడ్డకడితే పలుకులు చిన్నవిగా ఉంటాయి. అమెరికాకు చెందిన క్లారెన్స్ బర్డ్స్‌ఐ ఉత్తరాన లాబ్రడార్ చలిలో ఈ సంగతి గమనించాడు. పట్టిన చేప వెంటనే గడ్డకట్టి, నెలల తరువాత వండినా రుచి చెడలేదు. 1930లో ఆయన పద్ధతిలో గడ్డకట్టించిన ఆహారం అక్కడి స్ప్రింగ్‌ఫీల్డ్ పట్టణంలో దుకాణాలకు వచ్చింది. మన ఇంటికి దీని పాఠం ఒక్కటే: పెద్ద డబ్బాలో ముద్దగా పెట్టవద్దు, పలుచని పొట్లాలుగా పరచి పెట్టాలి.

మీ ఫ్రిజ్ ఎంత చల్లనిది?

ఒకే తలుపు ఉన్న ఫ్రిజ్‌లలో లోపల ఉండే చిన్న అర చాలావరకు మైనస్ 18 డిగ్రీలకు చేరదు. అటువంటి దానిలో కొద్ది రోజుల నుండి కొద్ది వారాల వరకే నిలవ ఉంచుకోవాలి. పైన వేరే తలుపు ఉన్న ఫ్రీజరులో నెలల తరబడి ఉంచవచ్చు. మంచు పొర పావు అంగుళం మించితే కరిగించి తుడవాలి. పొర మందమైన కొద్దీ కరెంటు ఖర్చు పెరుగుతుంది.

మన ప్రాంతంలో దాచదగినవి

అల్లం: జహీరాబాద్ రైతుకు అల్లం ధర సంగతి చెప్పనవసరం లేదు. ఒక ఏడు అందనంత పైన ఉంటుంది, మరో ఏడు తవ్విన కూలి రాదు. ధర దిగినప్పుడు ఇంటికి కావలసినంత కడిగి, చెక్కు తీసి, ఆరబెట్టి పెట్టుకోవాలి. కరిగించకుండానే తురుముకోవచ్చు. ముద్దగా నూరి చిన్న చిన్న బిళ్ళలుగా కూడా గడ్డకట్టించవచ్చు.

పచ్చి కందిగింజలు, పచ్చి సెనగలు: ఇవి దొరికేది కొద్ది వారాలే. గింజలు వలిచి మరిగే నీళ్ళలో రెండు మూడు నిమిషాలు వేసి, వెంటనే చల్లని నీళ్ళలో ముంచి, తడి ఆరాక పొట్లం కట్టాలి. ఇలా ఉడుకు పట్టించకపోతే గడ్డకట్టినా లోపలి మార్పులు ఆగవు. రంగు, రుచి చెడతాయి.

టమాటా: ధర పడిపోయిన రోజులలో ఉడికించి, గుజ్జు చేసి పెట్టాలి. కూరకు, చారుకు సరిపోతుంది.

మీగడ: ఇంటికి ఉంచుకున్న పాల మీద మీగడ రోజూ తీసి మూతగల డబ్బాలో ఫ్రీజరులో చేర్చుకోవాలి. వారం తరువాత కరిగించి, తోడువేసి చిలికితే వెన్న వస్తుంది. బయట పోగుచేసిన మీగడకు వచ్చే చేదు దీనికి రాదు.

పప్పు, కూరలు: మిగిలినవి కాదు, మిగులుతాయని తెలియగానే తీసినవి పెట్టాలి. వండిన రెండు గంటలలోపు చల్లార్చి లోపల పెట్టాలి. పగలంతా పొయ్యి పక్కన ఉన్నది పెట్టకూడదు.

పాటించవలసిన నియమాలు

1. ఒక పూటకు సరిపోయేంత మాత్రమే ఒక పొట్లంలో కట్టాలి.
2. గాలి లేకుండా మూయాలి. గాలి తగిలితే పైభాగం ఎండి పీచులా మారుతుంది.
3. పొట్లం మీద పేరు, తేదీ రాయాలి. ముందు పెట్టినది ముందు వాడాలి.
4. డబ్బా నిండా పోయకూడదు. నీరు గడ్డకడితే సుమారు 9 శాతం పెరుగుతుంది. గాజు సీసాలు పగులుతాయి.
5. వాడే ముందు రాత్రి కింది అరలోకి మార్చి కరిగించాలి. బయట ఉంచి కరిగించినది మళ్ళీ గడ్డకట్టించకూడదు.

పచ్చి ఆలుగడ్డ, దోసకాయ, పెంకుతో గుడ్లు పెట్టవద్దు. పెరుగు విరిగి నీరు వేరవుతుంది. సంఘానికి పోసే పాలు కూడా ఫ్రీజరులో పెట్టవద్దు. వెన్న విడిపోయి పరీక్ష సరిగా రాదు. పాలలో ఐసుగడ్డ వేయడం నీరు కలపడమే. పాలు సున్నాకు సుమారు అర డిగ్రీ కింద గడ్డకడతాయి. నీరు కలిస్తే ఆ అంకె సున్నా వైపు జరుగుతుంది. ప్రయోగశాలలో అది బయటపడుతుంది.

దూడ కోసం జున్నుపాలు

పై అరకు ఇంతకంటె మంచి ఉపయోగం లేదు. దూడ పుట్టేటప్పుడు దాని రక్తంలో రోగాలను అడ్డుకునే శక్తి దాదాపు ఉండదు. ఆ శక్తి జున్నుపాల ద్వారా రావాలి. మొదటి రెండు గంటలలో తాగితే బాగా వంటబడుతుంది. ఒక రోజు గడిస్తే దూడ పేగు ఇక దాన్ని లోపలికి తీసుకోదు. ముప్పై కిలోల దూడకు మొదటి రోజున సుమారు మూడు లీటర్లు కావాలి.

కొన్ని ఏళ్ళ కిందట ఒక సంఘం లెక్కలు చూడడానికి వెళ్ళిన ఉదయమే ఒక సభ్యుని గేదె ఈని చనిపోయింది. పక్కింటివారి ఫ్రిజ్‌లో రెండు పొట్లాల జున్నుపాలు ఉన్నాయి. తొందరలో మరిగే నీళ్ళు పోసి కరిగించమన్నది మేమే. మొదటి పొట్లం మొత్తం ముద్దకట్టి పాడైంది. రెండవదాన్ని ఇంటి ముసలమ్మ మా చేతికి ఇవ్వలేదు. గోరువెచ్చని నీటి గిన్నెలో ఉంచి, నీళ్ళు మారుస్తూ ఓపికగా కరిగించి తాగించింది. ఆ దూడ బతికింది. నాలుగేళ్ళ తరువాత దాని పాలు సంఘానికి వచ్చాయి.

కాబట్టి పద్ధతి తెలుసుకుని ఉండాలి. ఈనిన వెంటనే తీసిన మొదటి పాలు, సొంత దూడకు సరిపోగా మిగిలినవి మాత్రమే దాచాలి. పొదుగువాపు ఉన్న పశువు, ఈసుకుపోయిన పశువు పాలు దాచకూడదు. లీటరు చొప్పున పలుచగా పరచి గంటలోపు గడ్డకట్టించాలి. మైనస్ 18 డిగ్రీల ఫ్రీజరులో ఏడాది వరకు ఉంటాయి. చిన్న అరలో అయితే కొద్ది వారాలకే మార్చి కొత్తవి పెట్టాలి. కరిగించే నీరు 50 డిగ్రీలు మించకూడదు.

కరెంటు పోయినప్పుడు

తలుపు తెరవకండి. వేరే తలుపు గల ఫ్రీజరు నిండుగా ఉంటే రెండు రోజులు, సగం ఉంటే ఒక రోజు చల్లదనం నిలుస్తుంది. చిన్న అరలో అంతసేపు నిలవదు. కరెంటు వచ్చాక పొట్లంలో ఇంకా మంచు పలుకులు ఉంటే మళ్ళీ గడ్డకట్టనివ్వవచ్చు. మెత్తబడి వెచ్చనైనది పారేయాలి.

మిగులు ఉన్న రోజున దాచి, కరువు రోజున తీయడం మన ఉద్యమానికి కొత్త కాదు. చలికాలంలో పొంగే పాలు వృథా పోకూడదనే 1955లో ఆనంద్‌లో గేదె పాలతో పొడి చేసే కర్మాగారం పెట్టారు. వచ్చే సంఘ సమావేశంలో ఎవరి ఇంట్లో మంచి ఫ్రీజరు ఉన్నదో, ఎవరి దగ్గర జున్నుపాలు ఉన్నాయో ఒక కాగితం మీద రాసి కేంద్రం గోడకు అంటించండి. అర్ధరాత్రి ఈనిన పశువుకు ఆ కాగితం పనికివస్తుంది.