కారు సస్పెన్షన్: ఇంట్లో ఏది మార్చుకోవచ్చు, ఏది ముట్టుకోకూడదు

వేసవి సెలవులు ఇవ్వగానే కాలాపేటలో ఉంటున్న తెలుగు కుటుంబాల కార్లు చాలావరకు ఈసీఆర్ రోడ్డెక్కి ఉత్తరానికి తిరుగుతాయి. యానాం మన పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలో భాగమే అయినా, రోడ్డు దారిన ఇక్కడికి ఎనిమిది వందల కిలోమీటర్లకు పైనే. చెన్నై, నెల్లూరు, ఒంగోలు, విజయవాడ, రాజమహేంద్రవరం దాటి వెళ్లాలి. ఐదుగురు మనుషులు, డిక్కీ నిండా సామాను. తిరిగి వచ్చేటప్పుడు వాటికి బియ్యం మూట, ఆవకాయ జాడీ తోడవుతాయి. కారు వెనక భాగం కుంగిపోతుంది. స్పీడ్ బ్రేకర్ వచ్చిన ప్రతిసారీ కింద దడేలుమని చప్పుడు.

అప్పుడు ఇంట్లో ఎవరో ఒకరు అంటారు, “మంచి సస్పెన్షన్ కిట్ తెప్పించి మనమే బిగించుకుందాం, వీడియోల్లో చూపిస్తున్నారుగా” అని. స్పానర్ పట్టుకునేది నాన్నో, బాబాయో, అన్నయ్యో అయినా, పక్కన టార్చి పట్టుకుని కూర్చునేది మాత్రం మనలాంటి విద్యార్థులే. అందుకే ఈ పని వెనక ఉన్న శాస్త్రం ఏమిటో, ప్రమాదం ఎక్కడుందో మనకు తెలిసి ఉండాలి.

సస్పెన్షన్ ఎందుకు?

ఎద్దుబండికి స్ప్రింగులు ఉండవు. చక్రం రాయి ఎక్కితే బండి మొత్తం ఎక్కుతుంది. జట్కాబండికి ఇనుప కమాన్ కట్టలు వేసి ఆ కుదుపును కొంత తగ్గించారు. లారీల కింద ఈనాటికీ మనకు కనిపించేవి అవే కట్టలు. కార్లలో ఎక్కువగా ఉండేవి చుట్టలు చుట్టిన స్ప్రింగులు.

కుదుపు తెలియకుండా చేయడమే సస్పెన్షన్ పని అని చాలామంది అనుకుంటారు. అది సగమే నిజం. దాని అసలు పని టైరును ఎప్పుడూ రోడ్డుకు అంటిపెట్టుకునేలా చేయడం. బ్రేకు పట్టాలన్నా, స్టీరింగ్ తిరగాలన్నా టైరు నేలకు తాకి ఉండాలి కదా! గుంతలో పడి లేచిన టైరు గాల్లో ఉన్నంతసేపూ బ్రేకు ఎంత గట్టిగా తొక్కినా ఆ చక్రం వల్ల ఉపయోగం లేదు.

స్ప్రింగు పని వేరు, షాక్ అబ్జార్బర్ పని వేరు

ఈ రెండింటినీ కలిపి “షాకులు” అనేస్తుంటారు. నిజానికి గుంత దెబ్బను ముందుగా తీసుకునేది స్ప్రింగు. రాబర్ట్ హుక్ 1678లో ప్రచురించిన నియమాన్ని మేము పదకొండో తరగతిలో చదువుకున్నాం. స్ప్రింగును ఎంత ఎక్కువ నొక్కితే అది అంత ఎక్కువ బలంతో వెనక్కి నెడుతుంది. అలా నెట్టాక వెంటనే ఆగదు. పైకీ కిందికీ ఊగుతూనే ఉంటుంది. ఆ ఊపును ఆపేదే షాక్ అబ్జార్బర్. దాని గొట్టంలో నూనె, నూనెలో కదిలే పిస్టన్, పిస్టన్‌కు సన్నని రంధ్రాలు ఉంటాయి. నూనె ఆ రంధ్రాల గుండా కష్టపడి దూరేటప్పుడు, ఊగే శక్తి వేడిగా మారిపోతుంది.

చిన్న లెక్క చూద్దాం. కారు ఒక మూల మీద 250 కిలోల బరువు ఉందనీ, అక్కడి స్ప్రింగును మీటరు నొక్కాలంటే 20,000 న్యూటన్ల బలం కావాలనీ అనుకుందాం. ఆ మూల సెకనుకు సుమారు 1.4 సార్లు ఊగుతుంది. వెనక డిక్కీలో 100 కిలోల సామాను పెడితే ఒక్కో వైపు 50 కిలోలు పడి, కారు దాదాపు రెండున్నర సెంటీమీటర్లు కుంగుతుంది. రెండు రెట్లు గట్టి స్ప్రింగు వేస్తే కుంగేది అందులో సగమే. అయితే ఊపు సెకనుకు రెండు సార్లకు పెరుగుతుంది. సామాను దించి ఖాళీ కారులో వెళ్లేటప్పుడు ప్రతి చిన్న గతుకూ ఒళ్లు కదిలిస్తుంది, టైరు రోడ్డు మీద ఎగురుతుంది. పాత షాక్ అబ్జార్బర్లకు ఈ కొత్త ఊపును ఆపే శక్తి చాలదు. మంచి కిట్లలో స్ప్రింగులు, షాక్ అబ్జార్బర్లు ఒకదానికొకటి జతగా వచ్చేది ఇందుకే.

కొనే ముందు

చాలా కార్లకు కావలసింది గట్టి కిట్ కాదు, అరిగిపోయినవాటి స్థానంలో సరైన కొత్తవి. ఎలా తెలుసుకోవాలి? కారు ఒక మూలను రెండు చేతులతో గట్టిగా కిందికి నొక్కి వదలండి. పైకి లేచి ఒక్క ఊపుతో నిలబడితే పరవాలేదు. రెండు మూడుసార్లు ఊగితే షాక్ అబ్జార్బర్ అరిగినట్టే. దాని గొట్టం మీద నూనె కారిన మరకలున్నాయేమో, టైరు అక్కడక్కడా గుంటలుగా అరిగిందేమో కూడా చూడాలి.

మరో రెండు సంగతులు. గట్టి స్ప్రింగులు వేసినంత మాత్రాన కారు మోయగల బరువు పెరగదు. బ్రేకులు, టైర్లు, ఇరుసు పాతవే కదా! ఇక రెండోది చట్టం. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు మొదట ఇచ్చిన వివరాలతో సరిపోకుండా పోయేలా వాహనాన్ని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా దీన్ని గట్టిగా చెప్పింది. తయారీదారు చెప్పిన కొలతలకు సరిపోయే కొత్త భాగాలు వేయడం మరమ్మతు. కారును బాగా ఎత్తు చేయడం, కిందికి దించడం వేరు. అటువంటి ఆలోచన ఉంటే ముందే రవాణా శాఖ కార్యాలయంలో అడగాలి, బీమా సంస్థకూ చెప్పాలి.

ఇంట్లో చేయగలిగింది

చాలా చిన్న కార్లలో వెనక స్ప్రింగు, వెనక షాక్ అబ్జార్బర్ విడివిడిగా ఉంటాయి. అలాంటి కారులో వెనక షాక్ అబ్జార్బర్లను అనుభవం ఉన్న పెద్దవాళ్లు ఇంటి దగ్గర మార్చుకోవచ్చు. క్రమం ఇది:

1. ముందురోజు రాత్రే బోల్టుల మీద తుప్పు వదిలించే నూనె చల్లాలి. మన సముద్రపు ఉప్పుగాలికి కాలాపేట కార్ల కింద బోల్టులు త్వరగా పట్టేస్తాయి.

2. చదునైన కాంక్రీటు నేల చూసుకోవాలి. ఇసుక నేలలో జాకీ దిగబడి ఒరిగిపోతుంది.

3. ముందు చక్రాలకు అటూ ఇటూ చెక్కదిమ్మలు పెట్టి కారును గేరులో ఉంచాలి. చాలా కార్లలో హ్యాండ్ బ్రేకు పట్టుకునేది వెనక చక్రాలనే. ఆ చక్రాలే గాల్లోకి లేస్తే హ్యాండ్ బ్రేకు ఉన్నా లేనట్టే.

4. చక్రం నట్లను కారు నేల మీద ఉండగానే కొద్దిగా వదులు చేయాలి.

5. మాన్యువల్‌లో చూపిన చోట జాకీ పెట్టి ఎత్తి, రెండు వైపులా ఇనుప స్టాండ్లు పెట్టి, బరువును వాటి మీదికి దించాలి. కారును చేత్తో ఊపి చూడాలి. జాకీ ఎత్తడానికే, మోయడానికి కాదు. విప్పిన చక్రాన్ని కారు అంచు కింద పడుకోబెడితే మరో రక్షణ.

6. ఇరుసు కింద రెండో జాకీని ఆనించాలి. ఇరుసు మరీ కిందికి జారకుండా ఆపేది చాలా కార్లలో షాక్ అబ్జార్బరే. ఆధారం లేకుండా దాని బోల్టు తీస్తే ఇరుసు ఒక్కసారిగా జారి బ్రేకు గొట్టం లాగుకుపోవచ్చు, స్ప్రింగు చోటు తప్పవచ్చు.

7. ఒక వైపు పూర్తయ్యాకే రెండో వైపు. కానీ మార్చేటప్పుడు రెండు వైపులవీ మార్చాలి. ఒకటి కొత్తది, ఒకటి పాతది అయితే బ్రేకు వేసినప్పుడు కారు నిలకడగా ఉండదు.

8. రబ్బరు బుష్ ఉన్న బోల్టులను ముందు చేత్తో బిగించి, కారు బరువు చక్రాల మీద పడ్డాకే పూర్తిగా బిగించాలి. గాల్లో ఉండగా బిగిస్తే రబ్బరు మెలికపడి త్వరగా చినుగుతుంది.

బిగింపుకూ ఒక కొలత ఉంది. దాన్నే మనం టార్క్ అంటాం. చాలా చిన్న కార్ల చక్రాల నట్లకు అది 100 న్యూటన్ మీటర్లకు అటూ ఇటూగా ఉంటుంది. అంటే 25 సెంటీమీటర్ల స్పానర్ చివర 400 న్యూటన్లు, సుమారు 40 కిలోల బరువంత బలం. ఏ బోల్టుకు ఎంతో మాన్యువల్‌లో చూసి టార్క్ రెంచ్‌తోనే బిగించాలి. తక్కువైతే ఊడుతుంది, ఎక్కువైతే మరలు చెడతాయి.

ముట్టుకోకూడనిది

ముందు చక్రాల సంగతి వేరు. మనం చూసే చిన్న కార్లలో ముందువైపు ఎక్కువగా ఉండేది మెక్‌ఫర్సన్ స్ట్రట్. ఎర్ల్ మెక్‌ఫర్సన్ అనే అమెరికా ఇంజనీరు పేరు మీద వచ్చిన ఈ అమరికను 1950లో బ్రిటన్‌లో తయారైన ఫోర్డ్ కాన్సుల్‌లో వాడారు. ఇందులో స్ప్రింగు, షాక్ అబ్జార్బర్ ఒకే కడ్డీ చుట్టూ కలిసి ఉంటాయి. బానెట్ ఎత్తితే స్ట్రట్ పైభాగం కనిపిస్తుంది. చుట్టూ రెండు మూడు చిన్న నట్లు, నడుమ ఒక పెద్ద నట్టు. చుట్టూ ఉన్నవి స్ట్రట్‌ను కారుకు పట్టి ఉంచుతాయి. నడిమి నట్టు మాత్రం నొక్కిపెట్టిన స్ప్రింగును పట్టి ఉంచుతుంది. రెండూ చూడటానికి నట్లే. నడిమి దాన్ని విప్పితే స్ప్రింగు ఒక్కసారిగా ఎగిరిపడుతుంది.

మన లెక్కలోని స్ప్రింగునే 15 సెంటీమీటర్లు నొక్కి ఉంచితే అది 3,000 న్యూటన్ల బలంతో తోస్తుంది. అందులో దాగిన శక్తి 225 జౌళ్లు. దాదాపు 30 కిలోలుండే నిండు గ్యాస్ సిలిండర్ ముప్పావు మీటరు ఎత్తు నుంచి పడితే ఎంత శక్తో ఇంచుమించు అంత. అది ముఖానికి తగిలితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. స్ప్రింగును నొక్కి పట్టే కొక్కేల పనిముట్టు బజారులో దొరుకుతుంది. కానీ కొక్కెం ఒక్కటి జారినా అంతే సంగతులు. ఈ పనికి వర్క్‌షాపుల్లో గట్టి ప్రెస్ ఉంటుంది. కాబట్టి స్ట్రట్ విప్పి కూర్చే పని ఇంట్లో వద్దు. పాత షాక్ అబ్జార్బర్లను కోయడం, కాల్చడం కూడా వద్దు. చాలావాటిలో ఒత్తిడితో నింపిన వాయువు ఉంటుంది.

బిగించాక

మొదట ఖాళీ రోడ్డులో నెమ్మదిగా నడిపి, బ్రేకు వేసి, చప్పుళ్లు వినాలి. 50 నుంచి 100 కిలోమీటర్లు తిరిగాక నట్లన్నీ మళ్లీ చూడాలి. ముందు స్ట్రట్లు మార్చినా, కారు ఎత్తు మారినా వీల్ అలైన్‌మెంట్ తప్పనిసరి. లేకపోతే కొత్త టైర్లు కొద్ది నెలల్లోనే ఒక పక్క అరిగిపోతాయి. హెడ్‌లైట్లనూ సరిచేయించాలి. వెనక భాగం కుంగితే వాటి వెలుగు ఎదుటివాళ్ల కళ్లలో పడుతుంది. పైకి లేస్తే మన రోడ్డే మనకు సరిగా కనిపించదు.

టార్చి పట్టుకునే మన పని చిన్నదేమీ కాదు. కారు కిందికి చేయి, కాలు, తల పెట్టకుండా, బూట్లు వేసుకుని పక్కకే నిలబడాలి. స్టాండ్లు లేకుండా ఎవరైనా కారు కిందికి దూరబోతే “నాన్నా, స్టాండ్లు పెట్టలేదు” అని చెప్పాలి. నడిమి నట్టు మీద స్పానర్ పడితే ఆపాలి. పెద్దవాళ్లతో అలా చెప్పడం ఎదురు మాట్లాడటం కాదు. యానాం దాకా అందరం క్షేమంగా వెళ్లి రావాలంటే ఆ మాట ఎవరో ఒకరు అనాలి.