వానలకు ముందే బడి లైట్ల తనిఖీ

గేటు మీద లైటు, మైదానం మూలన ఇనుప స్తంభం, వార్షికోత్సవానికి చెట్లకు చుట్టిన సీరియల్ బల్బులు... వెలుగుతున్నంత కాలం వీటి వంక ఎవరం చూడం. వెలగకపోతేనే ఎలక్ట్రీషియన్‌ను పిలుస్తాం. కానీ చక్కగా వెలుగుతున్న స్తంభంలోనూ కరెంటు లీకవుతూ ఉండవచ్చు.

2017 నవంబరులో చెన్నై కొడుంగైయూరులో వాననీటిలో పడి ఉన్న కరెంటు తీగను తొక్కి ఇద్దరు చిన్నారులు చనిపోయారు. తమిళనాడులో అక్టోబరు నుంచి పెద్ద వానలు. కర్ణాటక, మహారాష్ట్ర, ఒడిశాల్లో జూన్ నుంచే. బడులు తెరిచే రోజులూ అవే. తనిఖీ అంతకు ముందే జరగాలి.

ఎండకు తీగ మీది పొర పెళుసుబారి పగులుతుంది. జంక్షన్ బాక్సు మూత ఊడితే నీళ్లు చేరతాయి. లోపలి ఫేజ్ తీగ ఇనుముకు తగిలిందా, స్తంభమంతా కరెంటే. ఎర్తింగ్ లేకపోతే ఆ స్తంభాన్ని పట్టుకున్న పిల్లవాడే కరెంటుకు దారి అవుతాడు.

"ఎంసీబీ ఉంది కదా మాస్టారూ" అంటారు తల్లిదండ్రులు. 6 ఆంపియర్ల ఎంసీబీ 6,000 మిల్లీ ఆంపియర్లు దాటితే గానీ పడదు. ప్రాణం తీయడానికి అందులో కొద్ది భాగం చాలు. అందుకే బయటి లైట్ల లైనుకు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉండాలి. దాని మీది టెస్ట్ బటన్ నొక్కగానే మీట కిందికి పడాలి. పడకపోతే మార్చాల్సిందే. అయితే ఎర్తింగ్ బాగుందో లేదో ఆ బటన్ చెప్పదు. దాన్ని విడిగా కొలిపించాలి.

టీచర్లం మేము చేతితో తాకకుండా, కళ్లతో చూడగలిగినవి కొన్ని ఉన్నాయి: మూత లేని బాక్సు, టేపు చుట్టిన అతుకు, తుప్పు పట్టిన స్తంభం మొదలు, తెగిన ఎర్తు తీగ, కొమ్మలకు ఒరుసుకుంటున్న వైరు. మిగతాది లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్ పని. ఆయన 500 వోల్టుల మెగ్గర్‌తో పరీక్షిస్తే ఇన్సులేషన్ కనీసం 1 మెగోమ్ చూపాలి. స్విచ్ ఫేజ్ తీగకే ఉందో లేదో కూడా చూడమనాలి. న్యూట్రల్‌కు ఉంటే, లైటు ఆరినా లోపల కరెంటు ఉంటుంది.

మన బడుల్లో ఇంకో చిక్కుంది. రిపోర్టు కన్నడంలోనో, ఒడియాలోనో, మరాఠీలోనో వస్తుంది. సంతకం పెట్టే ముందు కొలిచిన అంకెలు, తేదీ రాయించుకుందాం. "అంతా బాగుంది" అన్న మాటను ఏ భాషలోనైనా రాసేయవచ్చు. అంకెలు మాత్రం అందరికీ ఒకేలా అర్థమవుతాయి.

హెచ్చరిక బోర్డుల సంగతీ అంతే. కన్నడంలో 'అపాయ', తమిళంలో 'అబాయం' మన 'అపాయం' మాటే. మరాఠీ 'ధోకా', ఒడియా 'బిపద' మాత్రం వేరు. తెలుగు అక్షరాలే నేర్చుకుంటున్న ఒకటో తరగతి పిల్లలకు ఆ లిపులు రావు. పుర్రె బొమ్మను చూపించి గుర్తుపట్టడం నేర్పాలి. బోర్డు మీద తెలుగులోనూ రాయించాలి.

ఎవరికైనా షాక్ తగిలితే చేయి పట్టి లాగకూడదు. ముందు మెయిన్ ఆపాలి, తర్వాత 112కు ఫోన్ చేయాలి. ఆ మెయిన్ స్విచ్ ఎక్కడుందో వాచ్‌మన్‌తో పాటు ప్రతి టీచరుకూ తెలిసి ఉండాలి. వచ్చే తల్లిదండ్రుల సమావేశంలో తనిఖీ రిజిస్టరు చూపించమని అడగండి. అది మీ హక్కు. చూపించడం మా బాధ్యత.