“ప్రార్థన చేసి చెప్తాం”

మార్కాపురం, గిద్దలూరు వైపు క్రైస్తవుల ఇళ్ళలో పెళ్ళిచూపులు దాదాపు ఒకేలా ముగుస్తాయి. ఖాళీ టీ గ్లాసులు లోపలికి వెళ్తాయి. పాస్టరుగారు చిన్న ప్రార్థన చేస్తారు. అప్పుడు పిల్ల మేనమామ అంటాడు: “సరే అన్నా, మేం ప్రార్థన చేసి చెప్తాం.” అవతలివాళ్ళు కూడా “అట్నే కానీండి, మేమూ ప్రార్థనలో పెడతాం” అని లేస్తారు. వారం పది రోజులకు కబురొస్తుంది. “దేవుడు సమాధానం (మనశ్శాంతి) ఇచ్చాడు” అంటే సంబంధం కలిసినట్టు. “ఎందుకోనన్నా, సమాధానం లేదు” అంటే తప్పిపోయినట్టు. ఈ రెండో మాట ఒక్కోసారి మర్యాదగా చెప్పే ‘వద్దు’ మాత్రమే. కట్నం దగ్గరో, జాతకం అడగని చోట జీతం దగ్గరో తేడా వచ్చి ఉంటుంది. అది అందరికీ తెలుసు, ఎవరూ అడగరు.

కానీ నిజంగా మోకరించి అడిగేవాళ్ళూ చాలామందే ఉన్నారు. వాళ్ళు ఏం అడుగుతున్నారు? జవాబు వచ్చిందని ఎలా తెలుసుకుంటున్నారు?

ముందు నమ్మకం సంగతి. దేవుడు లోకాన్ని చేసి వదిలెయ్యలేదని, ఒక్కో మనిషి బతుకు మీదా ఆయనకు ఒక ఉద్దేశం ఉందని క్రైస్తవుల విశ్వాసం. దాన్నే దేవుని చిత్తం అంటారు. ఇందులో రెండు పాళ్ళున్నాయి. దొంగతనం చెయ్యొద్దు, కూలివాడి కూలి ఎగ్గొట్టొద్దు, పొరుగువాణ్ణి ప్రేమించు లాంటివి బైబిల్లో తేటగా ఉన్నాయి. వీటి కోసం ప్రత్యేకంగా ప్రార్థన చేసి తెలుసుకోవలసింది లేదు, చెయ్యడమే. రెండో పాలు వేరు. అమ్మాయిని నర్సింగులో చేర్చాలా, డిగ్రీలోనా? ఎండిపోయిన బోరు పక్కనే ఇంకోటి వెయ్యాలా, బెంగళూరు వెళ్ళి వాచ్‌మన్ పని చూసుకోవాలా? వీటికి బైబిల్లో వచనం దొరకదు. అన్వేషణ అంతా ఇక్కడే.

ఈ రెండో రకం ప్రశ్నలు ఇప్పుడు పెరిగాయి. తాతల కాలంలో ఇలాంటి ఇళ్ళలో నిర్ణయాలు తక్కువ. ఏ రైతు దగ్గర పని చెయ్యాలో, ఏ ఊరి పిల్లను తెచ్చుకోవాలో చాలావరకు ముందే ఖాయమై ఉండేది. ఇప్పుడు మార్కాపురం పలకల పనిలో ఒకప్పటి ఊపు లేదు. వాన మీద ఆధారపడ్డ మెట్ట సేద్యం, ఏటికేడు లోతుకు పోయే బోర్లు, గుంటూరు వైపు మిరపకోతలకు వలస, పిల్లలకు హైదరాబాదు చదువులు. ఎటు వెళ్ళాలన్నా అప్పు చెయ్యాలి, అప్పు చేశాక వెనక్కి రావడం కష్టం. అందుకే అడగడం.

అడిగే పద్ధతుల్లో అందరికీ తెలిసింది వాగ్దానం చీటీ. డిసెంబరు 31 రాత్రి ఆరాధన జరుగుతుంది. పన్నెండు దాటాక సంఘ పెద్ద స్టీలు పళ్ళెంలో రంగు కార్డులు పట్టుకుని వరసల మధ్య నడుస్తాడు. ఒక్కో కార్డు మీద ఒక్కో బైబిలు వచనం. కళ్ళు మూసుకుని ఒకటి తీసుకోవాలి, అది ఆ ఏటికి వాగ్దానం. పిల్లలు అక్కడే మార్చుకుంటారు, పెద్దలు కసురుతారు. తెల్లారేసరికి ఆ కార్డు బైబిలు అట్టలోకో బీరువా అద్దం మూలకో చేరుతుంది. ధైర్యం కోసం తీసుకున్నంతవరకు ఇందులో పేచీ లేదు. విస్తరణ గురించిన వచనం వచ్చింది కాబట్టి రెండెకరాలు కౌలుకు తీసుకోమని దేవుడు చెప్పాడన్నప్పుడు చిక్కు మొదలవుతుంది. పళ్ళెంలో వేసిన కార్డుల్లో శాపాలు, హెచ్చరికలు ఉండవు. ఎవరు తీసినా మంచిమాటే వస్తుంది. జవాబులన్నీ అనుకూలమైనవే అయిన చోట జవాబు దొరికిందనడానికి వీల్లేదు.

అలాగని యాదృచ్ఛికంగా తెరిచిన పుట దారి చూపిన సందర్భాలు లేవా? ఉన్నాయి. అందులో ఒకటి ఈ ప్రాంత చరిత్రనే మలుపు తిప్పింది.

అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ 1866లో ఒంగోలులో కాపురం పెట్టాడు. ఆయన మాటలు వినడానికి మొదట్లో బ్రాహ్మణులు, ఇతర పై కులాలవాళ్ళు వచ్చేవారు. ఇంతలో పడమటి పల్లెలనుంచి మాదిగలు రావడం మొదలైంది. వాళ్ళలో ముందు నిలిచినవాడు తాళ్ళకొండపాడుకు చెందిన యెర్రగుంట్ల పేరయ్య, తోళ్ళ వ్యాపారి. పై కులాలవాళ్ళు క్లౌకు నచ్చజెప్పారు: వీళ్ళను చేర్చుకుంటే మేం రాము. క్లౌ ఇరకాటంలో పడ్డాడు. ముందు పెద్ద కులాలు వస్తే ఊరంతా వెనక వస్తుందన్నది ఆ రోజుల్లో చాలామంది మిషనరీల లెక్క. ఆయన గదిలోకి వెళ్ళి, చేతికందిన బైబిలు తెరిచాడు. వచ్చింది కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక మొదటి అధ్యాయం చివరి భాగం. లోకం లెక్కలో గొప్పవాళ్ళను కాక, ఎన్నిక లేనివాళ్ళను దేవుడు ఎంచుకున్నాడని దాని సారాంశం. అదే వేళకు వేరే గదిలో భార్య హారియెట్ కూడా అదే భాగం చదువుతోందని తర్వాత తెలిసింది. ఇద్దరూ దాన్ని జవాబుగా తీసుకున్నారు. మాదిగలను చేర్చుకున్నారు. పై కులాలవాళ్ళు దూరమయ్యారు.

ఈ కథ మన సంఘాల్లో అద్భుతంగా చెబుతారు. నాకు అందులో అద్భుతం కన్నా దాని అమరిక ముఖ్యమనిపిస్తుంది. పుట తెరుచుకోవడం ఒక్కటే జరిగి ఉంటే అది కాకతాళీయం కావచ్చు. ఇక్కడ ఇంకో మనిషి విడిగా అదే చోటికి వచ్చింది. ఆ వచనం అసలు ప్రశ్నకే తగిలింది, ఎక్కడినుంచో లాగి అతికించవలసిన అవసరం రాలేదు. సువార్తల్లో యేసు నడవడికతోనూ అది పొసిగింది. అన్నిటికన్నా, ఆ జవాబు క్లౌకు నష్టం తెచ్చింది. తనకు లాభించే జవాబు వచ్చినప్పుడు మనిషి దాన్ని తేలిగ్గా నమ్ముతాడు. నష్టం తెచ్చేదాన్ని నమ్మాలంటే తన కోరికను పక్కన పెట్టగలగాలి. ప్రార్థన చేసే ముఖ్యమైన పని అదే కావచ్చు: కొత్త సమాచారం ఇవ్వడం కన్నా, అడిగేవాడి తూకాన్ని సరిచెయ్యడం.

పుట తెరిచే అలవాటు పాతది. ఉత్తర ఆఫ్రికాకు చెందిన అగస్టీను 386లో మిలాను నగరంలో ఒక తోటలో అపొస్తలుడైన పౌలు పత్రిక తెరిచి, కళ్ళబడిన మాటతో జీవితం మార్చుకున్నాడు. అదే అగస్టీను తర్వాత బిషప్పుగా, లౌకిక వ్యవహారాలకు సువార్త పుటల్లో సోది చూడడం తనకు నచ్చదని రాశాడు. జర్మనీలో మళ్ళీ ప్రాణం పోసుకున్న మొరేవియన్ సంఘం ఇంకా ముందుకు పోయి పెళ్ళిళ్ళకు కూడా చీట్లు వేసేది. 1818లో జరిగిన సభలో మామూలు సభ్యుల పెళ్ళిళ్ళకు ఆ నియమం ఎత్తేశారు. బైబిల్లోనూ ఇలాంటి మలుపే ఉంది. ఇస్కరియోతు యూదా స్థానంలో అపొస్తలుణ్ణి ఎన్నుకోవడానికి శిష్యులు చీట్లు వేశారు. పరిశుద్ధాత్మ దిగివచ్చాక కొత్త నిబంధనలో ఎక్కడా సంఘం చీట్లు వేసినట్టు కనబడదు. అన్యులకు సున్నతి అక్కర్లేదన్న పెద్ద నిర్ణయం యెరూషలేములో వాదించుకుని, సాక్ష్యాలు విని, లేఖనం చూసి తీసుకున్నారు. ఆ తీర్మానాన్ని పరిశుద్ధాత్మకూ తమకూ కలిపి తోచినదిగా రాసి పంపారు. కూర్చుని మాట్లాడుకోవడం కూడా దేవుని నడిపింపులో భాగమేనన్నమాట.

క్లౌ జీవితంలో రెండో ఘట్టం మన ఇళ్ళకు ఇంకా దగ్గరిది. అందులో పుట తెరుచుకోలేదు. 1876–78 కరువులో ఆయన బకింగ్‌హామ్ కాలువలో మూడు మైళ్ళ పైచిలుకు తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి పని చూపాడు. బాప్తిస్మం ఇమ్మని జనం అడిగారు. కూడు కోసం అడుగుతున్నారో, నమ్మి అడుగుతున్నారో తెలియదు. ఆయన సుమారు 15 నెలలు ఎవరికీ ఇవ్వలేదు. కరువు తగ్గాక, ఇక సాయం లేదని తేల్చి చెప్పాక కూడా వాళ్ళు వచ్చారు. అప్పుడు ఒప్పుకున్నాడు. ఊరు ఊరుగా ఎవరు ఎలాంటివారో ఆ పల్లెలు ఎరిగిన బోధకులు చెప్పాలి, పట్టీలో పేరుండాలి. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజునే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఇద్దరేసి బోధకులు నీళ్ళలో నిలబడి, అలిసినప్పుడు వేరే ఇద్దరికి చోటిచ్చారు. నల్లమలలో పుట్టి కంభం చెరువును నింపే ఏరే అది. కంభంలో 1882లో, మార్కాపురంలో 1895లో మిషను కేంద్రాలు వెలిశాయి.

కాలం గడిచేదాకా ఆగడం, ఉద్దేశం పరీక్షించడం, మనుషుల్ని ఎరిగినవాళ్ళను అడగడం. పొదుపు సంఘంలో లోను ఇచ్చే ముందు చూసుకునేవీ ఇవే.

తెలుగు నేల మీద ఈ ఆగడాన్ని ప్రత్యేకంగా నేర్పిన ఇద్దరిని చెప్పాలి. 1938లో బైబిలు మిషను స్థాపించిన ముంగమూరి దేవదాసు అయ్యగారు సన్నిధి (దేవుని ముందు మౌనంగా కనిపెట్టడం) నేర్పారు. అడిగేది కాస్త ఆపి వినాలన్నది ఆ పద్ధతి. హైదరాబాదు హెబ్రోను కేంద్రంగా బక్త్ సింగ్ నడిపిన సహవాసాల్లో చిన్న పనికీ దేవుని చిత్తం అడగడం క్రమశిక్షణ. గిద్దలూరు వైపు ఆంగ్లికన్ సంప్రదాయంలో పెరిగిన పాత కుటుంబాల్లో రాసి ఉన్న ప్రార్థనలు, గురువుగారి సలహా ఎక్కువ. ఏ దారిలో వెళ్ళినా జవాబును గుర్తుపట్టే కొలతలు దగ్గరగానే ఉంటాయి: లేఖనం, లోపలి సమాధానం, పెద్దల మాట, పరిస్థితులు. ఒక్కదాన్నే పట్టుకుంటే ఒక్కోటీ మోసం చేస్తుంది. లేఖనాన్ని వంచవచ్చు. సమాధానం అని అనుకున్నది నిర్ణయం వాయిదా పడిన ఊరట కావచ్చు. తలుపు మూసుకుంటే దేవుడు వద్దన్నాడని, తెరుచుకుంటే రమ్మన్నాడని అనేస్తే బ్యాంకు మేనేజరు సంతకమే దైవవాక్కు అయిపోతుంది.

పెద్దల మాట సంగతి కొంచెం ఆగి చూడాలి. పెళ్ళి విషయంలో అమ్మ ప్రార్థిస్తుంది, మేనమామ ప్రార్థిస్తాడు, పాస్టరుగారు ప్రార్థిస్తారు. “నీకు సమాధానం ఉందా అమ్మా?” అని పిల్లను విడిగా అడిగే ఇళ్ళు ఎన్ని? అడిగినా నలుగురి ముందు అడిగితే ఆమె తల ఊపుతుంది. కాపురం చెయ్యవలసిన మనిషి జవాబు లెక్కలోకి రాకుండా వచ్చిన నడిపింపును అనుమానించడానికి కారణముంది.

‘దేవుడు నాకు చెప్పాడు’ అని ఇంకొకరి బతుకు గురించి పలికే మాట ఇంకా బరువైనది. షుగరు మాత్రలు మానెయ్యమని, ఆపరేషను వద్దని ఎవరైనా దర్శనం పేరుతో చెబితే, అది ప్రార్థన హద్దు దాటినట్టే. పౌలుతో తిరిగిన లూకా వైద్యుడు. పౌలు తిమోతికి కడుపు జబ్బుకు ఏం తీసుకోవాలో రాశాడు.

చివరికి, ప్రార్థన చేసి వేసిన బోరు ఎండిపోతే? ఇది ఊహ కాదు, ఈ మండలాల్లో నిత్యం జరిగేదే. వేపపుల్లతో, అరచేతిలో కొబ్బరికాయతో నీరు చూసేవాణ్ణి పిలవకుండా, పాస్టరుగారితో ప్రార్థన చేయించి రిగ్గు పెట్టిస్తారు. దుమ్ము తప్ప ఏమీ రాదు. అప్పుడు రెండు మాటలు వినబడతాయి: విశ్వాసం చాల్లేదని, లేదా ఏదో పాపం అడ్డొచ్చిందని. రెండూ తప్పే. పౌలు బృందాన్ని ఆసియా అనే రోమా రాష్ట్రంలోకి, బితూనియలోకి వెళ్ళకుండా ఆత్మ ఆపింది, మాసిదోనియకు రమ్మని దర్శనం వచ్చింది. అంత స్పష్టమైన నడిపింపు ఇంకొకటి చూపడం కష్టం. ఆ దారిలో వెళ్ళిన ఫిలిప్పీలో పౌలు, సీల బెత్తం దెబ్బలు తిని బొండలో కాళ్ళతో జైల్లో పడ్డారు. ఫలితాన్నిబట్టి ప్రార్థనను తూచడానికి బైబిలు ఒప్పుకోదు.

భూగర్భ జలం రాతి పగుళ్ళను బట్టి ఉంటుంది. జియాలజిస్టు సర్వే చేయించి ప్రార్థించడానికీ, సర్వే మానేసి ప్రార్థించడానికీ తేడా ఉంది. ఆ తేడా రిగ్గు వచ్చే ముందు చెప్పాలి. బోరు పోయాక ఆ ఇంటికి వెళ్ళే సంఘ పెద్దల్లో వడ్డీ లెక్క చూడగలిగినవాడు, బ్యాంకులో గడువు పొడిగించమని మాట్లాడగలిగినవాడు ఒకడైనా ఉంటే, ప్రార్థన చేసి వచ్చేటప్పటికి ఆ ఇంట్లో ఒక కాగితం పనైనా కదిలి ఉంటుంది.