బ్రేకు డిస్కు: చెక్కించడమా? మార్చడమా?

బళ్లారి జిల్లా ఇనుప ఖనిజానికి పేరు పొందింది. సండూరు కొండలలో తవ్విన ఖనిజం తోరణగల్లు ఉక్కు కర్మాగారానికీ, ఇతర ప్రాంతాలకూ వెళుతుంది. 2010కి ముందు ఎన్నో లారీలు ఈ ఖనిజాన్ని నింపుకొని హోసపేట, హుబ్బళ్లి మీదుగా సాగి, పడమటి కనుమలలోని అరబైలు ఘాటు దిగి, బేలెకేరి రేవుకు చేరేవి. నిండు బరువుతో కొండ ఎక్కడానికి ఇంజను బలం కావాలి. కొండ దిగడానికి బ్రేకుల బలం కావాలి. బ్రేకు తప్పితే డ్రైవరు ప్రాణమే కాదు, ఎదురుగా వచ్చేవారి ప్రాణాలు కూడా పోతాయి.

బ్రేకు చేసే పని ఏమిటి? వాహనపు గతిశక్తిని రాపిడి ద్వారా వేడిగా మార్చడమే. సరుకుతో కలిపి 16 టన్నులున్న లారీ గంటకు 36 కి.మీ. వేగంతో పోతున్నదనుకుందాం. దాని గతిశక్తి 8 లక్షల జౌళ్లు. వేగం రెట్టింపై 72 కి.మీ. అయితే శక్తి నాలుగింతలై 32 లక్షల జౌళ్లవుతుంది. లారీని ఆపాలంటే ఈ శక్తిలో చాలా భాగాన్ని బ్రేకులే వేడిగా మార్చి భరించాలి.

బ్రేకులు ముఖ్యంగా రెండు రకాలు. మన పాత లారీలలో డ్రమ్ము బ్రేకులుంటాయి. చక్రంతో తిరిగే డ్రమ్ము లోపలి గోడను లైనర్లు ఒత్తుతాయి. కార్ల ముందు చక్రాలకు ఎక్కువగా డిస్కు బ్రేకులుంటాయి. తిరిగే డిస్కును రెండు వైపుల నుండి ప్యాడ్లు పట్టుకుంటాయి. డ్రమ్మును, డిస్కును సాధారణంగా పోత ఇనుముతో చేస్తారు. దీనిని బీడు అని కూడా అంటారు. కన్నడంలోనూ ఇదే మాట. ఇందులో పలుకులుగా ఉండే గ్రాఫైటు వేడిని త్వరగా వ్యాపింపజేస్తుంది. అదురును, మోతను తగ్గిస్తుంది.

ప్యాడ్లు అరిగిపోవడానికే తయారైనవి. అరిగితే మార్చక తప్పదు. మరి వాటితో రాసుకొని కొంత అరిగిన డిస్కు సంగతి ఏమిటి? దానిని లేతు యంత్రం మీద చెక్కించి నునుపు చేయవచ్చా? లేక కొత్తది వేయాలా? చెక్కించడం చౌక అని కొందరు, ఎప్పుడూ కొత్తదే మేలని కొందరు అంటారు. ఈ ప్రశ్నకు జవాబు కొలతలో ఉంది.

ప్రతి డిస్కుకూ ఉండవలసిన కనీస మందాన్ని తయారీదారులు నిర్ణయిస్తారు. చాలా డిస్కుల మీద ఆ అంకె అచ్చు వేసి ఉంటుంది. ఉదాహరణకు, ఒక డిస్కు కనీస మందం 20 మి.మీ. అనుకుందాం. దానిని ఒక్కో వైపు 0.3 మి.మీ. చెక్కితే మొత్తం 0.6 మి.మీ. తగ్గుతుంది. ఇప్పుడు మందం 21.2 మి.మీ. ఉంటే చెక్కిన తరువాత 20.6 మిగులుతుంది. కాబట్టి చెక్కించవచ్చు. 20.4 మాత్రమే ఉంటే 19.8కి దిగిపోతుంది. అప్పుడు మార్చవలసిందే. పలుచబడిన డిస్కు త్వరగా వేడెక్కుతుంది, పగిలే ప్రమాదమూ ఉంది. కొత్త ప్యాడ్లు అరిగేలోపు డిస్కు కూడా మరికొంత అరుగుతుందని గుర్తుంచుకోవాలి.

కొలవడంలోనూ జాగ్రత్త అవసరం. ప్యాడు తగలని అంచు అరగక గట్టులా నిలిచి ఉంటుంది. కొలిచే పరికరం ఆ గట్టు మీద ఆనితే మందం ఎక్కువగా కనిపిస్తుంది. అందువల్ల ప్యాడు రాసుకొనే చోటనే, చుట్టూ అనేక స్థానాలలో మైక్రోమీటరుతో కొలవాలి. ఒకచోట ఎక్కువ, మరొకచోట తక్కువ ఉంటే బ్రేకు తొక్కినప్పుడు పెడలు అదురుతుంది. మందం చాలినంత ఉంటేనే అటువంటి డిస్కును, లోతైన గీతలు పడినదానిని చెక్కించాలి. అంతటా సమంగా, నునుపుగా ఉండి, మందం చాలినంత ఉన్న డిస్కును చెక్కించనే అక్కరలేదు. శుభ్రం చేసి వాడుకోవచ్చు. పగుళ్లున్న డిస్కును మాత్రం ఎంత మందమున్నా తీసివేయాలి. చెక్కించినా, మార్చినా ఒకే ఇరుసుకున్న రెండు చక్రాలకూ చేయాలి. లేకపోతే బండి ఒకవైపు లాగవచ్చు.

లారీ డ్రమ్ముకు ఇదే సూత్రం తలకిందులుగా వర్తిస్తుంది. చెక్కేకొద్దీ డ్రమ్ము లోపలి వ్యాసం పెరుగుతుంది. కనుక దానికి గరిష్ఠ వ్యాసం నిర్ణయిస్తారు. ఘాటు దిగేటప్పుడు డ్రమ్ము వేడెక్కి వ్యాకోచించి లైనర్లకు దూరమవుతుంది. గోడ పలుచనైతే ఈ ముప్పు మరింత పెరుగుతుంది. అందుకే అనుభవమున్న డ్రైవర్లు బ్రేకునే నమ్ముకోక, చిన్న గేరులో మెల్లగా దిగుతారు.

హద్దు దాటిన డిస్కును తీసివేయడం దుబారా కాదు. అది పాత ఇనుముగా కొలిమికి చేరి, కరిగి, మరో వస్తువుగా మారుతుంది. పనికివచ్చే డిస్కును పారవేయడం ధన నష్టం. పనికిరాని దానిని చెక్కించి వాడడం ప్రాణాపాయం. ఈ రెంటినీ తప్పించేది మైక్రోమీటరు చూపే అంకె. మంచి పనివాడు ముందు కొలుస్తాడు, తరువాతే పనిముట్టు పట్టుకుంటాడు.