ముందు నిలిచినవారికి ముందుగా

2020వ సంవత్సరము ఏప్రిల్ నెల. ఎండలు ముదురుతున్నాయి. బస్సులు లేవు, బడులు లేవు. ఆదివారమైనా గుడి గంట మ్రోగలేదు. ఇరుగుపొరుగు పలకరింపులు కూడా గోడ అవతలి నుండే. అటువంటి రోజులలో ఒక స్త్రీ మాత్రము ప్రతి ఉదయము చేతిలో పుస్తకము, కలము పట్టుకొని, ముక్కుకు నోటికి చీర కొంగు చుట్టుకొని ఇంటింటి ముందు నిలబడేది. "ఇంట్లో ఎవరికైనా జ్వరముందా అమ్మా? దగ్గు ఉందా? వేరే ఊరి నుండి ఎవరైనా వచ్చారా?" అని అడిగేది. ఆమె మన ఊరి ఆశా కార్యకర్త.

ఆమెను మనము ఏ విధముగా చూశామో ఒకసారి జ్ఞాపకము చేసుకుందాము. "దూరంగా నిలబడి మాట్లాడు" అన్నవారున్నారు. తలుపు తీయనివారున్నారు. దాహమడిగితే చెంబు ఇవ్వడానికి వెనుకాడినవారున్నారు. ఇతరులను అనడము ఎందుకు? మేము కూడా ఆమెను గుమ్మము బయటే నిలిపి, రెండు మాటలు చెప్పి, త్వరగా పంపివేసినవారమే. రోగము ఆమె వెంట మన ఇంటికి వస్తుందేమోనని భయపడ్డాము. మన ఇళ్ళ నుండి అది ఆమె ఇంటికి వెళ్తుందేమోనని మాత్రము ఆలోచించలేదు. ఆమెకు కూడా పిల్లలున్నారు, వయసు మళ్ళిన అత్తగారున్నది.

కరోనా కాలములో ఇటువంటివారికి టీకా ఏ విధముగా అందినది? ఎక్కడ ఆలస్యమైనది? ఎవరు మిగిలిపోయారు? ఆ రోజులు గడిచిపోయినవి గనుక ఇక ఎందుకులే అనుకోకూడదు. మరొక తెగులు వచ్చే దినమున మన ప్రవర్తన ఎట్లుండవలెనో ఇప్పుడే నేర్చుకొనుట మంచిది.

వీరికి ముందుగా ఎందుకు?

మన దేశములో కరోనా టీకాలు 2021 జనవరి 16వ తేదీన మొదలైనవి. మొదటి వరుసలో సుమారు 1 కోటి మంది వైద్య సిబ్బంది, వారి తరువాత సుమారు 2 కోట్ల మంది ఇతర ముందువరుస సేవకులు అని ప్రభుత్వము నిర్ణయించినది. ఈ 3 కోట్ల మంది ఖర్చు కేంద్ర ప్రభుత్వము భరించినది. డాక్టర్లు, నర్సులు మాత్రమే కాదు. ఆశా కార్యకర్తలు, అంగన్‌వాడీ కార్యకర్తలు, ఆసుపత్రి ఊడ్చేవారు కూడా వైద్య సిబ్బంది లెక్కలోనే ఉన్నారు. ప్రైవేటు ఆసుపత్రులవారిని కూడా చేర్చినందున మన మిషను ఆసుపత్రులలో పనిచేసేవారికి సహితము ఈ వరుసలో చోటు దొరికినది. పోలీసులు, పురపాలక కార్మికులు మొదలైనవారికి ఫిబ్రవరి మొదటి వారములో ఆరంభమైనది. ఆ తరువాతనే, అనగా మార్చి 1 నుండి, 60 సంవత్సరములు దాటినవారికి, 45 దాటి ఇతర జబ్బులున్నవారికి అవకాశము వచ్చినది.

"వారు ప్రభుత్వ మనుషులు గనుక వారికి ముందు" అని కొందరు అప్పుడు సణిగారు. అది నిజము కాదు. దీనికి మూడు కారణములున్నవి. మొదటిది, రోగికి అందరికంటే దగ్గరగా వెళ్ళేవారు వీరే. రెండవది, ఒక రోజులో వీరు అనేక గడపలు తొక్కుతారు. వీరికి సోకితే బలహీనులైన వృద్ధులకు, బాలింతలకు చేరే ప్రమాదమున్నది. మూడవది, వీరు మంచము పడితే వీరి స్థానములో నిలబడేవారు లేరు. నర్సమ్మ లేని ఆరోగ్య కేంద్రములో కరోనా రోగికే కాదు, కాన్పుకు వచ్చిన తల్లికి కూడా దిక్కుండదు. కాబట్టి ఆ ముందు వరుస గొప్పవారికి వేసిన కుర్చీ కాదు. మన కోసము ముందుకు నడిచినవారి చేతికిచ్చిన డాలు.

మొదటి దినము ఆ సంగతి కంటికి కనబడినది. ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థలో మొదటి టీకా ఒక పారిశుధ్య కార్మికునికి వేశారు. విజయవాడ ప్రభుత్వ ఆసుపత్రిలో, హైదరాబాదు గాంధీ ఆసుపత్రిలో కూడా ఆ దినము మొదటిగా చేయి చాపినవారు పారిశుధ్య పని చేసే స్త్రీలే. ఎప్పుడును పంక్తి చివర కూర్చోబెట్టబడేవారు ఆ ఒక్క దినము మొదట కూర్చున్నారు.

జాబితాలో పేరు, చేతికి సూది

అయితే జాబితాలో పేరున్నంత మాత్రమున చేతికి సూది అందినట్లు కాదు. ఈ రెంటి మధ్య చాలా దూరమున్నది.

టీకాలకు ముందే, 2020 డిసెంబరు 28, 29 తేదీలలో, మందు లేకుండా ఏర్పాట్లను మాత్రమే పరీక్షించి చూశారు. అందుకు ఎన్నుకొన్న నాలుగు రాష్ట్రములలో ఆంధ్రప్రదేశ్ ఒకటి; మన కృష్ణా జిల్లాలోనే ఆ పరీక్ష జరిగినది. ఎంత సిద్ధపడినను మొదటి రోజులలో కోవిన్ అనే కంప్యూటరు ఏర్పాటు అనేక చోట్ల మొరాయించినది. పేరున్నవారికి ఫోనులో కబురు రాలేదు. వచ్చినా మరునాడు రమ్మని ఈ రాత్రి తెలిసినవారున్నారు.

మందు సంగతి చూడండి. కోవిషీల్డు, కోవాగ్జిన్ రెండును 2 నుండి 8 డిగ్రీల చల్లదనములో ఉండవలెను. కోవిషీల్డు సీసాలో 10 మందికి మందు ఉంటుంది. మూత తీసిన తరువాత కొద్ది గంటలలోనే వాడివేయాలి. పదిమంది కూడకపోతే మిగిలినది పారవేయాలి. పట్టణపు ఆసుపత్రిలో పదిమంది కూడుట సులభమే. వాగు అవతలి గూడెములో పనిచేసే కార్యకర్త మాత్రము టీకా కోసము తానే మండల కేంద్రానికి రావలసినదే.

మేము ఎరిగిన ఒక ఆశా కార్యకర్త ఆరోగ్య కేంద్రానికి వెళ్ళడానికి రెండు ఆటోలు మారినది. చార్జీలు తన చేతివే. ఆ రాత్రి ఒళ్ళు నొప్పులు, జ్వరము. తెల్లవారి మళ్ళీ సర్వే. "సెలవు అడగలేకపోయావా అమ్మా?" అన్నాము. "జీతమైతే సెలవు ఉంటుంది గాని, మాకు సెలవెక్కడిదండీ?" అని నవ్వినది. ఆశా కార్యకర్తల ఏర్పాటు 2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషనుతో వచ్చినది. దేశములో వీరు సుమారు 10 లక్షల మంది. కేంద్రము లెక్కలో వీరు ఉద్యోగులు కారు, స్వచ్ఛంద సేవకులు. 2022 మే నెలలో ప్రపంచ ఆరోగ్య సంస్థ వీరందరినీ కలిపి ఒక పురస్కారముతో సన్మానించినది. సన్మానము సంతోషమే. జ్వరము వచ్చిన రోజున ఒక దినము విశ్రాంతి కూడా అంతే అవసరము.

"నువ్వు వేయించుకున్నావా?"

దారి దూరము ఒక ఎత్తు, మనసులోని భయము ఒక ఎత్తు. మొదటి వారములలో పేరున్న వైద్య సిబ్బందిలో చాలామంది టీకాకు రాలేదు. వారిని తప్పుపట్టుటకు ముందు కారణము తెలుసుకోవాలి. హైదరాబాదులోని భారత్ బయోటెక్ తయారు చేసిన కోవాగ్జిన్‌కు 2021 జనవరి 3న అత్యవసర అనుమతి ఇచ్చినప్పుడు దాని మూడవ దశ పరీక్షల ఫలితాలు ఇంకా రాలేదు. వేయించుకొనేవారు అంగీకార పత్రము మీద సంతకము పెట్టవలసి వచ్చినది. చదువుకున్న నర్సులకే సందేహము కలిగినది. ఆ పరీక్షల మొదటి ఫలితాలు మార్చి నెలలో వచ్చాయి. సత్యము ఆలస్యమైనప్పుడు పుకారు ముందుగా నడుస్తుంది.

మన ఊళ్ళలో పుకార్లకు కొదువ లేదు. సూది వేయించుకుంటే పిల్లలు పుట్టరని, రెండేళ్ళలో చనిపోతారని ఎన్ని మాటలు! వాటికి జవాబు చెప్పవలసినది కూడా ఆశా కార్యకర్తే. ఆమె ఎంత చెప్పినా ఊరివారు చివరకు అడిగిన ప్రశ్న ఒక్కటే: "ముందు నువ్వు వేయించుకున్నావా?" ఆమె చేయి చూపించి "రెండు డోసులూ అయినవి" అన్న దినమున ఇల్లిల్లూ కదిలినది. కాబట్టి ఆమెకు అందిన టీకా ఆమెకు మాత్రమే మేలు చేయలేదు. మన ఇంటి ముసలివారు ధైర్యముగా చేయి చాపడానికి కూడా అదే కారణమైనది.

ఇది కొత్త సంగతి కాదు. 1897 జనవరి 10న బొంబాయిలో వాల్డెమార్ హాఫ్‌కిన్ అనే శాస్త్రజ్ఞుడు తాను కనిపెట్టిన ప్లేగు మందును మొదట తన శరీరములోనికే ఎక్కించుకొన్నాడు. తాను తీసుకొన్న తరువాతనే ఇతరులకు ఇచ్చాడు. నమ్మకము ఆ విధముగానే పుడుతుంది.

వరుసలో దూరినవారు, వరుసలో లేనివారు

ఇప్పుడు చెప్పవలసిన మాట బాధాకరమైనది. 2021 ఏప్రిల్ 3న కేంద్ర ఆరోగ్య శాఖ రాష్ట్రాలకు ఒక లేఖ వ్రాసి, వైద్య సిబ్బంది, ముందువరుస సేవకుల పేరున ఇక కొత్తవారిని నమోదు చేయవద్దని చెప్పినది. ఎందుకనగా అర్హత లేనివారు కొందరు ఆ పేరుతో దూరుతున్నారని తెలిసినది. మంచము మోయనివాడు, గది ఊడ్వనివాడు వారి పేరు చెప్పుకొని టీకా వేయించుకున్నాడు. దాని ఫలితముగా, అంతవరకు ఏ కారణము చేతనో పేరు వ్రాయించుకొనని నిజమైన సేవకునికి కూడా ఆ తలుపు మూతపడినది. అది రెండవ ఉధృతి విరుచుకుపడుతున్న నెల. ఒకని తొందర మరియొకని ప్రాణము మీదికి వస్తుందని దీని నుండి గ్రహించాలి.

ఇక మొదటి నుండి వరుసలోనే లేనివారి మాట. 2021 మే నెలలో ఎన్ని సమాధులు తవ్వించామో సంఘ పెద్దలకు తెలుసు. బంధువులు కూడా దగ్గరకు రాని దినములలో గొయ్యి తవ్వినవారెవరు? పెట్టె దించినవారెవరు? ఏ కార్యాలయపు పట్టీలోనూ పేరు లేని కూలీలు. సంతలో కూరలమ్మినవారు, ఇంటికి గ్యాసు బండ తెచ్చినవారు, ఆటోలో రోగిని ఆసుపత్రికి చేర్చినవారు కూడా అంతే. తెలంగాణ ప్రభుత్వము 2021 మే 28 నుండి గ్యాసు సరఫరా చేసేవారికి, రేషను డీలర్లకు, ఎరువుల దుకాణాలవారికి, ఇటువంటి మరికొందరికి ప్రత్యేకముగా టీకాలు వేయించినది. మంచి పనే. అయితే వారికి పెట్టిన పేరు చూడండి: "సూపర్ స్ప్రెడర్లు", అనగా రోగమును విస్తారముగా వ్యాపింపజేసేవారు! మనకు బియ్యము, గ్యాసు అందించినవారిని సేవకులని పిలిచినట్లయితే వారి వంతు ఇంకా ముందుగా వచ్చియుండునేమో.

దేశముల మధ్య కూడా ఇదే తీరు. 2021 జనవరిలో 49 ధనిక దేశములలో 3 కోట్ల 90 లక్షల డోసులు వేయగా, అతి బీద దేశములలో ఒకే ఒక్క దేశములో 25 డోసులు మాత్రమే వేశారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అధిపతి తెలియజేశారు. 25 వేలు కాదు, 25. ఆ సంవత్సరము అక్టోబరు నాటికి కూడా ఆఫ్రికా ప్రాంతములో వైద్య సిబ్బంది పదిమందిలో ఒక్కరికైనా పూర్తిగా టీకా అందలేదు. 2020 జనవరి నుండి 2021 మే వరకు ప్రపంచమంతటా 80 వేల నుండి 1 లక్షా 80 వేల మంది వరకు వైద్య సేవకులు కరోనాతో మరణించియుండవచ్చునని అదే సంస్థ అంచనా వేసినది. వీరు రోగులకు సేవ చేస్తూ పోయినవారు.

మనము చేయదగినది

కరోనా అత్యవసర పరిస్థితి ముగిసినదని 2023 మే 5న ప్రకటించారు. కాని ఆశా కార్యకర్త నడక ముగియలేదు. నేటికీ చంటిబిడ్డల టీకాల కొరకు ఆమె మన వీధిలోనికి వస్తూనే ఉన్నది. కావున ప్రతి కుటుంబము, ప్రతి సంఘము ఈ కొద్ది సంగతులు ఆలోచించవలెనని కోరుచున్నాము.

మొదటిది, మన వంతు కానప్పుడు వరుసలో దూరవద్దు. తెలిసిన అధికారి ఉన్నా, పలుకుబడి ఉన్నా సరే. పిల్లలు మనలను చూచి నేర్చుకుంటారు.

రెండవది, గొయ్యి తవ్వేవారు, వీధి ఊడ్చేవారు, ఆటో నడిపేవారు, ఇట్లు ఏ జాబితాలోనూ లేనివారి పేర్లు, ఫోను నంబర్లు సంఘ పెద్దలు ఒక పుస్తకములో వ్రాసి ఉంచాలి. అవసర దినమున దానిని ఆరోగ్య కేంద్రములో ఇచ్చి, వీరిని మరువవద్దని అడగాలి.

మూడవది, టీకా తరువాత జ్వరము వస్తే కూలి పోతుందని ఆగిపోయేవారికి ఆ ఒక్క దినపు కూలి సంఘము ఇవ్వగలదు. ఆటో చార్జీ ఇవ్వగలదు. ఇది పెద్ద ఖర్చు కాదు.

నాలుగవది, పుకారు విన్నప్పుడు నలుగురికి పంపక, నర్సమ్మను అడిగి తెలుసుకోవాలి.

ఆఖరిది అన్నిటికంటే సులభము. ఈసారి ఆమె పుస్తకము పట్టుకొని వచ్చినప్పుడు గుమ్మము బయట నిలపవద్దు. లోపలికి పిలిచి, కుర్చీ వేసి, చెంబెడు మంచినీళ్ళు ఇద్దాము. "నీ ఒంట్లో బాగున్నదా అమ్మా? నీ పిల్లలు బాగున్నారా?" అని అడుగుదాము. ఇన్నేళ్ళుగా ఆ ప్రశ్న ఆమె మనలను అడుగుచున్నది. ఒక్కసారి మనము ఆమెను అడుగుదాము.