పట్నం చూడబోయే కుటుంబాలకు

మిరప కళ్ళాలు ఎత్తి, కాయ గుంటూరు యార్డుకు చేరి, పిల్లల పరీక్షలు ముగిసేసరికి ఎండలు ముదురుతాయి. ఆ రోజుల్లో మన ఇళ్ళలో తప్పక వినబడే మాట ఒకటున్నది. "నాన్నా, ఈసారైనా హైదరాబాదు చూపిస్తావా?" తండ్రి వెంటనే జవాబు చెప్పడు. పురుగుమందుల కొట్టు బాకీ, పెద్దమ్మాయి పెళ్ళికి చేసిన అప్పు మనస్సులో లెక్క వేసుకొని, "వచ్చే ఏడు చూద్దాంలేరా" అంటాడు. ఆ వచ్చే ఏడు రాకముందే పిల్లలు పెద్దవారై, పనులు వెదుక్కుంటూ తమంతట తామే పట్నం వెళ్ళిపోతారు.

ఖర్చు ఒక్కటే కారణం కాదు. మన నరసరావుపేట, గురజాల, మాచర్ల ప్రాంతాల పెద్దలతో నిదానంగా మాట్లాడితే మరొక సంగతి బయటపడుతుంది. అది జంకు. అంత పెద్ద చోట్లకు మనలాంటి వారు వెళితే ఎవరేమనుకుంటారో అని. అద్దాల తలుపు దగ్గర నిలబడ్డ కాపలా మనిషిని చూచి వెనుకకు తిరిగిన వారు ఎందరో ఉన్నారు. నా మనవి ఏమంటే, పట్నంలోని మిక్కిలి విలువైన వస్తువులు అసలు అమ్మకానికే లేవు. వాటిని చూచే హక్కు కోటీశ్వరునికి ఎంత ఉన్నదో కౌలు రైతుకూ అంతే ఉన్నది.

మూసీ నది దక్షిణపు ఒడ్డున ఉన్న సాలార్‌జంగ్ మ్యూజియం ఇందుకు మంచి సాక్ష్యం. మూడవ సాలార్‌జంగ్‌గా పేరుపొందిన మీర్ యూసుఫ్ అలీఖాన్ 1889లో పుట్టాడు. చిన్న వయస్సులోనే నిజాం నవాబు వద్ద దివానుగిరీ చేసి, 1914లో దానిని వదలి, తరువాతి జీవితమంతా వస్తువులు సేకరించుటలోనే గడిపాడు. దంతపు కుర్చీలు, పింగాణీ, కత్తులు, గడియారాలు, వ్రాతప్రతులు, చిత్రపటాలు – ఎవరు ఏది తెచ్చి చూపినా మనస్సుకు నచ్చితే కొన్నాడు. తాత కొన్నవి, తండ్రి కొన్నవి ఎటూ ఉన్నాయి. వివాహం చేసికొనలేదు. 1949లో మరణించాడు. 1951 డిసెంబరు 16న నెహ్రూగారు ఆయన నివాసమైన దివాన్ దేవిడీలోనే ఆ సంపదనంతటినీ ప్రజల కొరకు తెరిచారు. 1961లో పార్లమెంటు దానిని జాతీయ ప్రాముఖ్యము గల సంస్థగా ప్రకటించింది. ఇప్పటి భవనంలోకి మార్చినది 1968లో. ఒక మహా ధనవంతుడు తన ఇంట్లో దాచుకున్నది ఈనాడు మన పిల్లలు టిక్కెట్టు కొని చూస్తున్నారు!

అక్కడ మన స్త్రీలు ఎక్కువసేపు నిలబడేది ముసుగు వేసికొన్న రిబ్కా విగ్రహం ముందు. సండే స్కూలుకు వెళ్ళిన పిల్లలకు ఈ కథ చెప్పనక్కరలేదు. అబ్రాహాము దాసుని వెంట అంత దూరం ఒంటె మీద ప్రయాణం చేసి, పొలంలో ఎదురు వస్తున్నవాడు ఇస్సాకే అని తెలిసిన వెంటనే క్రిందికి దిగి ముసుగు వేసికొన్న అమ్మాయి ఈమె. ఆదికాండము ఇరవైనాలుగవ అధ్యాయములో ఉన్నది. ఇటలీ శిల్పి బెంజోనీ ఆ ముసుగును కూడ పాలరాతిలోనే చెక్కాడు. రాయి రాయే. అయినా పలుచని బట్ట వెనుక ముఖం కనబడుతున్నట్లే ఉంటుంది. మొదటి సాలార్‌జంగ్ దీనిని 1876లో రోము నగరంలో కొన్నాడు. పిల్లలను తొందరపెట్టి ముందుకు లాగకండి. బట్ట ఎక్కడ ముగిసి చెంప ఎక్కడ మొదలైనదో వారినే వెదకనివ్వండి.

మరొక చోట జంట విగ్రహం ఉన్నది. ఒకే కొయ్య దుంగలో ముందువైపు గర్వంతో నిలబడ్డ మెఫిస్టోఫిలిస్ అనే సాతాను రూపం, వెనుకవైపు తల వంచుకొన్న మార్గరెట్ అనే అమ్మాయి. వెనుక అద్దం పెట్టారు గనుక ఇద్దరూ ఒకేసారి కనబడతారు. ఇక గడియారం సంగతి అందరూ విన్నదే. ప్రతి గంటకు కొంచెం ముందు గడ్డపు మనిషి ఒకడు తలుపు తెరుచుకొని వచ్చి, ఎన్ని గంటలైతే అన్ని దెబ్బలు కొట్టి లోపలికి పోతాడు. పన్నెండు గంటలకు చూడగలిగితే పన్నెండు దెబ్బలు! ముందే వెళ్ళి కూర్చోవాలి. శుక్రవారం మ్యూజియం మూసి ఉంటుంది, మరువవద్దు.

పబ్లిక్ గార్డెన్స్‌లోని రాష్ట్ర మ్యూజియంలో ఈజిప్టు మమ్మీ ఉన్నది. యాకోబును, యోసేపును సుగంధ ద్రవ్యాలతో సిద్ధపరచిన సంగతి చదివినవారికి ఆ పద్ధతి ఎట్లాంటిదో ఇక్కడ కంటికి కనబడుతుంది. జంతు ప్రదర్శనశాల గురించి పిల్లలే చెబుతారు, నేను చెప్పేది తక్కువ. 1963 నుండి ఉన్నది, సోమవారం సెలవు, నడక చాలా ఎక్కువ. మోకాళ్ళ నొప్పులున్న అమ్మమ్మలను బ్యాటరీ బండి ఎక్కించండి.

భోజనం విషయంలోనూ జంకు పనికిరాదు. ఇరానీ హోటలులో చాయ్, ఉస్మానియా బిస్కెట్టు తీసికొని కూర్చోండి. పాలు విడిగా మరగకాచి, డికాక్షను విడిగా మగ్గబెట్టి, కప్పులో కలుపుతారు. అందుకే ఆ చిక్కదనం. బిర్యానీ మన పల్నాటి నాలుకకు కారం చాలలేదనిపిస్తుంది, దానికి వారేమి చేయగలరు? ఖుబానీ కా మీఠా అని ఎండు ఆప్రికాట్ పండ్లతో చేసే తీపి ఒకటున్నది, తప్పక రుచి చూడండి. ఆర్డరు ఇవ్వకముందు రేట్ల కార్డు అడుగుట చిన్నతనం కాదు. ఒక ప్లేటు ఎందరికి సరిపోతుందని కూడ అడగవచ్చు. భోజనం చివర గోరువెచ్చని నీళ్ళలో నిమ్మచెక్క వేసి గిన్నెలో తెస్తే అది త్రాగుటకు కాదు, వ్రేళ్ళు కడుగుకొనుటకు. ఈ మాట ఇంటి దగ్గరే చెబితే, బల్ల దగ్గర పిల్లవాని ముఖం చిన్నబోదు. బిల్లు చదవండి. సర్వీస్ ఛార్జీని హోటలువారు తమంతట తాము బిల్లులో కలుపరాదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూలైలో మార్గదర్శకాలు ఇచ్చింది. ఇష్టమైతే ఇవ్వవచ్చు, లేకుంటే తీసివేయమని మర్యాదగా అడగవచ్చు. పన్ను సంగతి వేరు, అది కట్టవలసినదే.

ఇప్పుడు షాపులు. చార్మినార్ ప్రక్కన లాడ్ బజారులో లక్క గాజుల దుకాణాలు దీపాలతో ధగధగలాడుతుంటాయి. కొన్ని చోట్ల కాచిన లక్కను చేతితో చుట్టి, అద్దపు ముక్కలు అతికించే పనివారిని నిలబడి చూడవచ్చు. గాజులు కొన్నదానికంటె అది ఎక్కువ కాలం జ్ఞాపకముంటుందని నా అభిప్రాయం. ముత్యాలకు ఈ ఊరు ప్రసిద్ధి గాని ఊరికి సముద్రం లేదు. పూర్వం పర్షియా సింధుశాఖ నుండి వచ్చేవి. ఇక్కడివారి విద్య వాటికి రంధ్రం వేయుట, గ్రుచ్చుట. బంజారాహిల్స్ వైపు పెద్ద మాల్స్‌లో ప్రవేశానికి డబ్బు అడుగరు. షోకేసులో గడియారం ఒకటి మన ఎకరం పంటకు మించిన ధర పలుకుతుంది. పలుకనివ్వండి! కదిలే మెట్లు ఎక్కేటప్పుడు చీర కుచ్చెళ్ళు, పిల్లల చెప్పులు జాగ్రత్త.

ఇక్కడే అసలు చిక్కు ఉన్నది. పొరుగువానిదేదియు ఆశింపవద్దను ఆజ్ఞ మన పిల్లలకు కంఠతా వచ్చు, అయినా షోకేసు ముందు నిలబడితే మనస్సు ఊరుకోదు. కొందరు తల్లిదండ్రులు అందుకే అటు తీసికొనిపోరు. నాకు అది సరియైన ఉపాయంగా తోచదు. టీవీలోనూ, ఫోనులోనూ ఆ వస్తువులన్నీ ఇంటికే వస్తున్నాయి గదా. అంతకంటె ప్రయాణానికి ముందే ఇంటిల్లిపాదీ కూర్చొని, ఎంత డబ్బు ఉన్నదో పిల్లలకు కూడ చెప్పి, ఒక్కొక్కరు కొనుక్కొనే వస్తువు ఒకటే అని నిర్ణయించుకోండి. ఆ ఒక్కటి ఏదో ఎంచుకొనుటకు ఎన్ని షాపులైనా చూడవచ్చు. చేతిలో ఎంత ఉన్నదో తెలిసిన పిల్లవాడు ఎంత గట్టిగా బేరమాడతాడో చూస్తే మీకే ఆశ్చర్యం కలుగుతుంది.

గుంటూరు నుండి ఉదయాన్నే బయలుదేరే పల్నాడు ఎక్స్‌ప్రెస్ సత్తెనపల్లి, పిడుగురాళ్ళ, నడికుడి మీదుగా సికింద్రాబాదు చేరుస్తుంది. మాచర్లవారికి సాగర్ దారి దగ్గర. పులిహోర, పెరుగన్నం క్యారియరు కట్టుకుంటే మొదటి పూట ఖర్చు ఉండదు.

ఈ ఏడు ఆ మాత్రం కూడ వీలుకాని ఇళ్ళు ఉన్నాయని ఎరుగుదును. వారికి ఒక మాట. లండనులోని బ్రిటిష్ మ్యూజియంలో అమరావతి శిల్పాలకు ప్రత్యేకంగా ఒక గది ఉన్నది. మద్రాసు ఎగ్మూరు మ్యూజియంలోనూ ఉన్నాయి. ఆ రాయి మన పల్నాటి సున్నపురాయి. పిడుగురాళ్ళ బట్టీలలో కాల్చే రాతి జాతిదే. అటువంటి రాతిలో ఇక్ష్వాకుల కాలపు శిల్పులు చెక్కినవి మన ప్రక్కనే నాగార్జునకొండ మ్యూజియంలో ఉన్నాయి. సాగర్ నీళ్ళలో ఆ లోయ మునిగిపోకముందు, 1954 నుండి 1960 వరకు త్రవ్వి తీసి కొండపైకి చేర్చినవి అవి. మాచర్ల దగ్గర విజయపురి సౌత్ నుండి లాంచీ వెళుతుంది. నీటిమట్టాన్ని, గాలిని బట్టి అప్పుడప్పుడు నిలిపివేస్తారు గనుక ముందు కనుక్కొని వెళ్ళండి. ఇక్కడా శుక్రవారం సెలవే.

తిరిగి వచ్చేటప్పుడు అనుపు దగ్గర ఆగండి. లోయలో నుండి తెచ్చి మరల కట్టిన మెట్ల రంగస్థలం అక్కడ ఉన్నది. పిల్లలను పై మెట్టు మీద కూర్చోబెట్టి, మీరు క్రింద నడుమ నిలబడి మెల్లగా ఒక మాట పలికి చూడండి, పైకి వినబడుతుందేమో.