ఆన్‌లైన్ నిఘంటువులో ఉల్లేఖన మూసలు: గ్రంథము, ముద్రణ, వచనము

పదమునకు అర్థము చెప్పడము నిఘంటువు పని. ఆ అర్థములో ఆ పదమును ఎవరు, ఎప్పుడు, ఏ గ్రంథములో వాడారో చూపే వాక్యమును ఉల్లేఖనము అంటాము. ఉల్లేఖనము లేని అర్థము సాక్షి లేని వాదము వంటిది. ప్రసంగము సిద్ధపరచుకొనేటప్పుడు అనేకమంది కాపరులు, విద్యార్థులు నేడు ఆన్‌లైన్ నిఘంటువును తెరుస్తున్నారు. కనుక అందులోని ఉల్లేఖనములు ఎలా చేర్చబడతాయో, వాటిని ఎంతవరకు నమ్మవచ్చునో ఈ వ్యాసములో వివరింపదలచాము. 2002 డిసెంబరులో ప్రారంభమైన ఇంగ్లీషు విక్షనరీని ఉదాహరణగా తీసుకుంటున్నాము.

1. మూస అంటే ఏమిటి?

అచ్చు నిఘంటువులో చోటు తక్కువ. అందుచేత సి. పి. బ్రౌన్ 1852లో వెలువడిన తన తెలుగు–ఇంగ్లీషు నిఘంటువులో కావ్యముల పేర్లను పొడి అక్షరములతో సూచించారు. ఆన్‌లైన్‌లో చోటుకు కొరత లేదు గాని మరొక చిక్కు ఉన్నది. వ్రాసేవారు అనేకులు; ఒకరు గ్రంథము పేరు మాత్రమే ఇస్తారు, మరొకరు పుట సంఖ్య ఇచ్చి ముద్రణను వదిలివేస్తారు.

దీనికి పరిష్కారమే మూస. అది ఖాళీ గడులున్న దరఖాస్తు వంటిది. సంవత్సరము, రచయిత, గ్రంథము, ముద్రణ, ప్రచురణకర్త, పుట, ఉల్లేఖించిన వాక్యము అని వేర్వేరు గడులుంటాయి. మీసాల బ్రాకెట్ల మధ్య వాటిని నింపితే మిగిలిన అమరికను సాఫ్ట్‌వేరు చూసుకుంటుంది. తరచుగా ఉల్లేఖించే గ్రంథములకు ప్రత్యేక మూసలున్నాయి. కింగ్ జేమ్స్ తర్జుమా మూసలో 1611, లండను, ముద్రాపకుడు రాబర్ట్ బార్కర్ అనే వివరములు ముందే ఉంటాయి. మనము పుస్తకము, అధ్యాయము, వచనము చెబితే చాలు.

ఈ పద్ధతి మనకు క్రొత్తది కాదు. అధ్యాయ విభజన 13వ శతాబ్దపు ఆరంభములో స్టీఫెన్ లాంగ్టన్ పేరుతో ముడిపడినది. క్రొత్త నిబంధనలో నేటి వచన సంఖ్యలు 1551లో రాబర్ట్ ఎస్టియెన్ ముద్రించిన ప్రతితో వచ్చాయి. పుటలు మారినా వచన సంఖ్య ఒకే చోటును చూపుతుంది. భాగవతమునకు స్కంధము, పద్యసంఖ్య చెప్పడము ఇటువంటిదే. అయితే పద్యసంఖ్యలు ముద్రణను బట్టి మారవచ్చును గనుక ముద్రణను కూడా చెప్పవలెను.

2. ముద్రణ ఎందుకు ముఖ్యము?

మొదటి కొరింథీయులకు 13వ అధ్యాయమును చూడండి. టిండేల్ 1526లో 'లవ్' అని అనువదించిన చోట 1611 తర్జుమా 'చారిటీ' అన్నది. 1881 సవరణ తర్జుమా మరల 'లవ్' అన్నది. 'చారిటీ' అనే పదము క్రింద ఆ అధ్యాయమును ఉల్లేఖించి, తర్జుమా పేరు చెప్పకపోతే చదువరి ఏమనుకొంటాడు? నేటి వాడుకను బట్టి దానధర్మములని అనుకొని, ఆ అధ్యాయమంతా చందాల గురించిన ప్రసంగముగా మార్చవచ్చును. సంఘము వినేది ఆ పొరపాటునే.

ఇంకొక చిక్కు ఉన్నది. నేడు దొరికే కింగ్ జేమ్స్ ప్రతులలో ఎక్కువ భాగము 1769లో బెంజమిన్ బ్లేనీ సవరించిన పాఠమును అనుసరిస్తాయి. 'లవ్' పదములో ఇప్పుడు 'వి' ఉన్న చోట 1611 అచ్చులో 'యు' అక్షరము కనబడుతుంది. నేటి ప్రతి నుండి వాక్యము ఎత్తి 1611 మూసలో పెడితే, మూస చెప్పే సంవత్సరము ఒకటి, చూపే పాఠము మరొకటి అవుతుంది.

3. అనువాదమునకు వేరు గడి

అనువాదమును ఉల్లేఖించేటప్పుడు మూల రచయితనూ అనువాదకునీ, మూల కాలమునూ అనువాద కాలమునూ వేరుగా చూపవలెను. 1812లో శ్రీరాంపూరులో అచ్చయిన తెలుగు సువార్తల నుండి ఒక తెలుగు పదమును ఉల్లేఖిస్తే, అది 1812 నాటి తెలుగుకు సాక్ష్యము. మొదటి శతాబ్దపు గ్రీకు పదముయొక్క అర్థమునకు సాక్ష్యము కాదు. గ్రీకు అర్థము కొరకు గ్రీకు నిఘంటువునే చూడవలెను.

4. మూస చేయలేనిది

మూస వివరములను వరుసలో పెడుతుంది గాని వాక్యమును సరిచూడదు. పైగా మూసలోనే ముద్రణ సంవత్సరము తప్పుగా ఉంటే, దానిని వాడిన ప్రతి పుటలోను అదే తప్పు కనబడుతుంది. మూసను ఒకసారి సవరిస్తే అన్ని పుటలూ సరియగును. మేలు, కీడు రెండును ఒకే ద్వారము గుండా వస్తాయి. విస్తారముగా గ్రంథస్థమైన భాషలలో ఒక అర్థమును నిలబెట్టడానికి విక్షనరీ సాధారణముగా మూడు స్వతంత్ర వాడుకలను, అవి ఏడాదికి మించిన వ్యవధిలో ఉండాలని అడుగుతుంది. ఇద్దరు ముగ్గురు సాక్షులను కోరిన ద్వితీయోపదేశకాండము చదివినవారికి ఈ నియమము వింతగా తోచదు.

కావున విద్యార్థులకు మేము చెప్పునది ఇది. నిఘంటువులో ఉల్లేఖనము కనబడగానే సంవత్సరము, తర్జుమా, ముద్రణ అనే మూడింటిని చూడండి. వీలైతే ఆ గ్రంథమునే తెరిచి వాక్యమును సరిచూడండి. మీరే ఉల్లేఖనమును చేర్చునప్పుడు మీ చేతిలో ఉన్న ప్రతి వివరములనే వ్రాయండి, చూడని ప్రతి వివరములను వ్రాయవద్దు. తెలియని గడిని ఖాళీగా వదలండి. ఖాళీ గడిని తరువాతివారు నింపగలరు. ఊహతో నింపిన గడిని నిజమని నమ్మి మరొక కాపరి దాని మీద ప్రసంగము కడతాడు.